టచింగ్

మా నాయిన పెన్సిల్‌ను సూదంత సన్నగ చెక్కెటోడు
బ్లేడుతోని, ఊపిరి బిగబట్టి.
నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు ఒరగబెట్టి
అమ్మవారు పోసిన మొఖాల మీది గుంటలు
ఒక్కొక్కటే పూడ్చెటోడు.
సిరోంచల పెండ్లి కుదరాల్సిన పిల్లలు
ఆ పెన్సిల్ కిందికి ఒక్కసారన్న వచ్చినోళ్లే.
దుకాణం బోర్డు మరాఠీల,
లోపల "గదువ ఎత్తు బిడ్డా" మాత్రం తెలుగుల.
"మచ్చ తియ్యొచ్చురా, మనిషిని తియ్యొద్దు"
అనేది ఆయన లెక్క.
లెక్క అనే అన్నడు. నీతి అనలే.

నేను మనిషిని గూడ తీసిన.
గావ్డే వాళ్ల పెండ్లి ఫోటోలకెల్లి
ఇడిసిపెట్టి పోయిన అల్లున్ని.
తల పోయింది, సూటు పోయింది,
పిల్ల భుజం మీద నాలుగు వేళ్లు పోలే.
ఎంత చెరిపినా చర్మం రంగు కలువలే.
ఆఖరికి చీర కొంగు పెంచి కప్పేసిన.
కొంగు కింద అవి ఇంకా ఉన్నయని
నాకెరుక, ఆ పిల్లకెరుక.

ఆ ఏడు ప్రాణహిత వెనక్కి తన్నింది.
దుర్గం పోచుబాయి రెండెకరాల పత్తి
మూడు రాత్రులు నీళ్లకిందనే పన్నది.
"పంచనామాకు ఫోటో గావాలెనట" అని వచ్చింది.
కెమెరా చంద్రపూర్‌ల రిపేరుకు పోయిఉండె,
ఫోన్ పట్టుకొని పోయిన.
మోకాలి లోతుల నిలవడి తీసిన.

నేనేం చెయ్యలే, ఒట్టు.
వేలు తాకిచ్చిన, అంతే.
ఫోనే, దానంతటదే,
మబ్బును తుడిచింది,
బురదను నీలం చేసింది,
మునిగిన చెట్ల కొసలను తామరాకుల తీరు మెరిపిచ్చింది,
పోచుబాయి ముడుతలు సాపు చేసింది.
మా నాయినకు మూడు దినాల పని
రెప్పపాటుల.

తలాఠీ చూసి నవ్విండు.
"ఛాన్ ఆహే! బోటింగ్ ఎప్పటిసంది?"
అసలుది తెమ్మన్నడు.
గదే అసలుది సాబ్, అన్న.
ఇంకింత నవ్విండు.

మళ్ల పోయేసరికి నీళ్లు దిగినయి.
మిగిలింది ఆ నీలమే.

రాత్రి కరెంటు వచ్చినంక
ఆమె స్టూలు మీద, నేను కంప్యూటర్ ముంగట.
నీలం తగ్గిచ్చిన. "ఇంకింత" అన్నది.
పసుపు కలిపిన. "గట్ల కాదు,
ఎడ్ల పేడచేతులు కడిగిన బకీటు జూసినవా, గా తీరు."
చూసిన. కలిపిన.
"గా మూలకు చెప్పొకటి తేలుతుండె."
నా ఫోటోల లేదు.
"ఉండె బిడ్డా. నువ్వు అటు చూడలే."

చెయ్యి ఆగింది.
చెప్పు పెట్టలే.
పెట్టకపోవుడు నిజం పక్కకు నిలవడుడో
అబద్ధం పక్కకో ఇప్పటికీ తెల్వది.

ముడుతలు మాత్రం తిరిగి గీసిన,
ఏది యాడున్నదో
ఆమె మొఖం దిక్కు చూసుకుంట, చూసుకుంట.
నాయిన పూడ్చిన గుంటలన్నీ
మళ్ల తవ్వుతున్నట్టుండె.

తెల్లారి తలాఠీ కాయితం వెలుగుకు పట్టి చూసిండు.
"ఏమన్న కలిపినవా?"
"లేదు సాబ్."
ముద్ర కొట్టిండు.

ఆ మాపటికి పోచుబాయి మళ్ల వచ్చింది.
"ఆ నీలపుది గూడ ఒకటి తియ్యి,
ఇంట్ల పెట్టుకుంట."
ఎందుకని అడగలే.

ప్రింటర్‌ల నీలం సిరా నడుమ ఒడిసింది.
పైన ఆకాశం పండుగ తీరు,
ఆమె నడుము కాడికెల్లి కిందికంత
ఎర్రెర్రటి బురద.
ఖరాబైంది, రేపు కొట్టిస్త, ఆగమన్న.
కాయితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.
కొంగు ముడి ఇప్పి ఇరవై రూపాలు బల్ల మీద పెట్టి
"గిదే" అన్నది.
తడి ఆరనియ్యకుంటనే పట్టుకపోయింది.